ఒక ఆటవస్తువు పూర్వచరిత్ర

బాల్యాన్ని గురించి రాయబూనిన మన రచయితలలో చాలామంది ఒక బొమ్మను వెంట తెచ్చుకుంటారు. అది కొండపల్లి ఏనుగంబారీ కావచ్చు, నిర్మల్ పొణికి చెక్క చిలుక కావచ్చు, తాతగారు పట్నంనుండి తెచ్చిన కీ రైలు కావచ్చు. ఆ బొమ్మ పాతబడుతుంది, రంగు వెలుస్తుంది, చివరకు అటకమీద దొరుకుతుంది. రచయిత కన్ను చెమ్మగిల్లుతుంది. ఇటువంటి రచన చదివినప్పుడల్లా మన మిత్రులు పెదవి విరుస్తారు. ఇది మధ్యతరగతి మనోవికారమనీ, వస్తువుపై మమకారం సొంత ఆస్తిపై మమకారానికి పసితనపు రూపమేననీ తేల్చివేస్తారు. ఆ మాటలో సగం నిజమున్నది. మిగిలిన సగం సంగతి చూడడానికి నా దగ్గరున్న ఒక వస్తువును సాక్ష్యంగా ప్రవేశపెడుతున్నాను.

అది బొమ్మ కాదు. నాడె. మగ్గం తెలియని చదువరికోసం చెప్పాలంటే, పడుగు పోగుల నడుమ పేక పోగును అటునుండి ఇటు, ఇటునుండి అటు మోసుకుపోయే కొయ్యముక్క. మూరకు కొంచెం తక్కువ పొడవు. రెండు కొసలకు ఇనుప మొనలు. నడుమ కండె పట్టే తొట్టి. పక్కన పోగు బయటికి వచ్చే చిన్న కన్ను. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచా మీద నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా కొట్టుకుంటుంది. ఇంగ్లండులో జాన్ కే అనే అతడు 1733లో నాడెను చేతితో విసరే పని తప్పించి, తాడు గుంజితే అదే పరుగెత్తే ఏర్పాటు చేశాడు. నేతపని వేగం పెరిగింది, నూలు చాలలేదు, వడికే యంత్రాలు రావలసి వచ్చింది. లాంకషైర్ మిల్లుల చరిత్రనూ, ఆ మిల్లుగుడ్డ మన నేతగాళ్ల పొట్టకొట్టిన చరిత్రనూ ఈ కొయ్యముక్కను విడిచి చెప్పడం కష్టం. ఇదంతా నేను కళాశాలలో నేర్చుకున్న సంగతి. ఆరేళ్ల వయసులో అది నాకు ఎడ్లబండి.

అప్పటికి 1974వ సంవత్సరం. సిరిసిల్లలో గుంతమగ్గాలు ఒక్కొక్కటే లేచిపోయి సాంచాలకు చోటిస్తున్న కాలం. బాపు ఒక ఆసామి దగ్గర కూలికి సాంచా నడిపేవాడు. పోగు రాపిడికి కన్ను దగ్గర కొయ్యలో గాడి పడితే పేక పదేపదే తెగుతుంది. అటువంటి నాడెను పక్కన పారేస్తారు. అలా పారేసినదాన్ని బాపు అంగీ జేబులో దోపుకుని ఇంటికి తెచ్చాడు. నేను కన్నులోనుండి తెగిన పేకముక్కలు పేనిన తాడు దూర్చి, తొట్టినిండా చింతగింజలు నింపి, వాడంతా ఈడ్చుకు తిరిగాను. మానేరులో వేస్తే ఇనుప మొనల బరువుకు మునిగింది. పడవగా పనికిరాదని ఆ పూటే తేలిపోయింది. కన్నుమీద నోరుపెట్టి పీలిస్తే సన్నగా ఈల వచ్చేది. బాపు దానికి మాత్రం కోప్పడేవాడు. విచిత్రమేమంటే ఆయన సాంచా దగ్గర రోజంతా చేసేది అదే పని. కొత్త కండె పెట్టినప్పుడల్లా కన్నుకు నోరు ఆనించి, పోగును ఊపిరితో బయటికి లాగేవాడు. పోగుతోపాటు దూదిపీచూ, తనకు ముందు ఆ నాడెను పీల్చినవాడి ఎంగిలీ లోపలికి పోతాయి. లాంకషైర్‌లో ఈ పనిని నాడెను ముద్దాడడమనేవారు. క్షయరోగం పాకుతుందన్న భయంతో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లోనే దీనిని చట్టం చేసి మాన్పించింది. బాపు ఆ చట్టం చదివినవాడు కాడు. తన దగ్గు ఎక్కడిదో ఆయనకు తెలుసు.

రెండేళ్లు గడిచిన తరువాత ఒక రాత్రి బాపు నా పక్కన కూర్చున్నాడు. సాంచామీద నాడె పగిలిందట. కొత్తదాని ఖరీదు వారం కూలిలో కోస్తానన్నాడట ఆసామి.

"కొడుకా, నీ బండి నాకు నాలుగొద్దులు కిరాయికియ్యరాదు?" అన్నాడు.

"కిరాయెంత?" అన్నాను.

"పది పైసలు."

బేరం కుదిరింది. తాడు విప్పి, గాడిని గాజుకాగితంతో రుద్ది నున్నగా చేసి, మైనం పూసి పొద్దున్నే పట్టుకుపోయాడు. మధ్యాహ్నం సద్ది తీసుకుని వెళ్లినప్పుడు సాంచా దగ్గర నిలబడి చూశాను. నా ఎడ్లబండి కంటికి ఆనడం లేదు. అటొక చప్పుడు, ఇటొక చప్పుడు. నడుమ గుడ్డ పెరుగుతున్నది. దుఃఖం వచ్చిన మాట నిజమే. కాని దానితోపాటే, నేను రెండేళ్లు ఈడ్చినా చింతగింజలు తప్ప మరేమీ మోయని వస్తువు బాపు చేతిలో గజాలకు గజాలు గుడ్డ తీస్తున్నదన్న ఆశ్చర్యమూ కలిగింది. ఆటకూ పనికీ మధ్యనున్న గోడ అంత పలచనిదని ఏ పుస్తకమూ నాకు అంత స్పష్టంగా చెప్పలేదు. నాలుగొద్దులన్నది ఇరవై రోజులైంది. పది పైసలు మాత్రం ముట్టినవి.

జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1928లో అచ్చయిన పుస్తకంలో ఒక మంచి మాట గమనించాడు. పెద్దలు ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చే ఆటవస్తువులకంటె వడ్రంగి, దర్జీ, తాపీపని చోట మిగిలిన చెత్తాచెదారమే పిల్లలను ఎక్కువ ఆకర్షిస్తుందనీ, ఆ ముక్కలతో వాళ్లు తమ చిన్నలోకాన్ని కట్టుకుంటారనీ ఆయన అభిప్రాయం. ఇది సూక్ష్మమైన పరిశీలనే. అయితే బెన్యమిన్ బెర్లిన్‌లో కలిగిన ఇంట పుట్టినవాడు. ఆ ఇంటి పిల్లవాడు బొమ్మను విడిచి కొయ్యముక్కను ఎంచుకోగలడు. మా వాడలో ఎంపిక అన్నది లేదు. కొయ్యముక్క ఒక్కటే ఉన్నది, అది కూడ పిలుపు వస్తే తిరిగి పనిలోకి పోవలసినదే. ప్రేమ్‌చంద్ ఇక్కడ మనకు దగ్గరగా వస్తాడు. 1933 నాటి 'ఈద్‌గాహ్' కథలో హమీద్ తన మూడు పైసలతో మట్టిబొమ్మ కొనక, రొట్టెలు కాల్చేటప్పుడు అవ్వ చేతులు కాలకుండా పట్టకారు కొంటాడు. ఆ కథ చదివి కంటతడి పెట్టని ఉపాధ్యాయుణ్ణి నేను చూడలేదు. కాని మనం హమీద్ త్యాగాన్ని మెచ్చుకోవడంలో పడి, ఆ పిల్లవాడు తోటివాళ్ల ఎదుట ఆ పట్టకారును భుజాన వేసుకుని, దానినే బొమ్మలన్నిటినీ ఓడించే వీరుణ్ణి చేశాడన్న సంగతిని తేలికగా దాటేస్తాము. వాడు ఆటను వదులుకోలేదు. పనిముట్టుతోనే ఆడాడు.

ఎండాకాలం సెలవులకు కోరుట్ల పోయేవాళ్లం. అక్కడ అమ్మమ్మ చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొగాకు నింపి పొద్దంతా బీడీలు చుట్టేది. కూలి వెయ్యి బీడీలకింత అని లెక్క. ఆ ఇంట్లోనే మా మేనమామ కొడుకు ఉండేవాడు. మేనమామ దుబాయి పోయినవాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లనుండి జనం గల్ఫుకు కదలడం అప్పుడే మొదలైంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన ఒక బ్యాటరీ మోటారుకారు తెచ్చాడు. ఎర్రనిది, గోడకు తగిలితే తనంత తానే వెనక్కు తిరిగేది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి గూట్లో పెట్టారు. పండుగకు ఒకసారి దింపి, అందరూ చూస్తుండగా రెండు చుట్లు తిప్పి, మళ్లీ గూట్లోకి ఎక్కించేవారు. బ్యాటరీలు అరిగిపోతాయని భయం. మా బావకు ఆ కారంటే ప్రాణం. కాని వాడు నా నాడెతోనే ఎక్కువ ఆడాడు.

నేను అప్పట్లో గర్వపడిన మాట వాస్తవం. నా బండి బాపు చేతి పనిముట్టు, వాడిది అంగట్లో కొన్నది అని. కారు అడుగున హాంగ్‌కాంగ్‌లో తయారైనదని ఇంగ్లీషులో అచ్చువేసి ఉండేది. ఆ అక్షరాల అర్థం తెలిసేసరికి నేను జగిత్యాలలో పాఠాలు చెబుతున్నాను. 1970లలో హాంగ్‌కాంగ్ ప్రపంచానికంతటికీ ప్లాస్టిక్ బొమ్మలు పంపిన ఊరు. ఆ బొమ్మల విడిభాగాలు అతికేవాళ్లలో, రంగులు దిద్దేవాళ్లలో స్త్రీలు చాలామంది. ఇరుకు ఇళ్లలో నేలమీద కూర్చుని, ముక్కకింత అని కూలికి చేసినవాళ్లూ ఉన్నారు. కోరుట్లలో అమ్మమ్మ బీడీలు చుట్టినట్టే. ఆ ఎర్రకారులో ఇద్దరి శ్రమ ఉన్నది: దానిని అతికిన స్త్రీదీ, దానిని కొనడానికి ఎడారిలో ఇసుక మోసిన మేనమామదీ. నా నాడెమీద అరుగుదల పైకి కనబడుతుంది, కారుమీద కనబడదు. భేదం అంతవరకే. కొయ్య ప్రాణమున్నది, ప్లాస్టిక్ ప్రాణం లేనిది అని మన పత్రికలలో అప్పుడప్పుడు కనిపించే విలాపాలతో నాకు పేచీ ఇక్కడే.

నా నాడె ఆటలు కూడ ఒకే తీరుగా లేవు. మొదట్లో నా బండి దొర గడీకి వడ్లు మోసేది. మేము చూసిన బండ్లు మోసినదే అది మోసింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదిలిన జైత్రయాత్ర జరిగింది. పెద్దలు వాకిళ్లలో గొంతు తగ్గించి ఆ కబుర్లే చెప్పుకునేవారు. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటికి నాకు పదేళ్లు. మా వాడ పిల్లలెవరూ రాజకీయాలు చదువుకోలేదు. అయినా ఆ దసరానాటికి తొట్టిలోని చింతగింజలు వడ్లు కావడం మానేసి మీటింగుకు పోయే జనమైనవి. ముందుమొనకు ఎవరో ఎర్రపేక ముక్క కట్టారు.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే. 1990ల చివరినుండి ఏళ్ల తరబడి సిరిసిల్ల పేరు పత్రికలలో నేతకార్మికుల ఆత్మహత్యలతోనే అచ్చయింది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు నేయించడం మొదలుపెట్టిన తరువాత కొన్నాళ్లు చేతినిండా పని దొరికింది. ఆర్డరు రాని కాలంలో మళ్లీ సాంచాలు మూతబడినవి. నాడె అక్కరలేని కొత్త మగ్గాలు వచ్చిపడినవి. మా బంధువు ఒకడు తన నాలుగు సాంచాలనూ ఇనుప తుక్కుకింద తూకానికి అమ్ముకున్నాడు. నాడెలు కొయ్యవి గనుక తూకంలోకి రావని కొన్నవాడు వాటిని పక్కన పడేశాడట.

ఈ మధ్య హైదరాబాదులో ఒక గృహాలంకరణ దుకాణంలో పాత నాడెలు చూశాను. వార్నిష్ పూసి, కండె తొట్టిలో మైనపువత్తులు నిలబెట్టారు. ఒకటి చేతిలోకి తీసుకుని కన్నువైపు తిప్పాను. పోగు కోసిన గాడి ఉండవలసిన చోట పుట్టీ పెట్టి, రంగు కలిపి, నున్నగా పూడ్చారు. ఎందుకని అడిగితే, గాట్లుంటే కొనరండీ, అన్నాడు దుకాణం కుర్రవాడు మర్యాదగానే. నా దగ్గరున్నదానికి పుట్టీ లేదు. బాపు గాజుకాగితంతో రుద్దిన చోట ఆ ఇరవై రోజుల్లో మళ్లీ పడిన గాడి సన్నగా ఉన్నది; చిటికెనవేలి గోరు అందులో ఇమిడిపోతుంది.