ఫుర్సత్

మన ఇళ్లల్లో పిల్లాడు ఇంటర్ పాసయితే మర్నాటి నుంచే ర్యాంకు మాటలు. ఇంజనీరింగ్ అయితే వీసా మాటలు. వీసా వస్తే నికా మాటలు. మధ్యలో వాడికి కాస్త ఫుర్సత్ కావాలేమో అని ఎవరికీ తట్టదు. "మా వాడు ఖాళీగా ఉన్నాడు" అనే మాటను జబ్బు పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి చెబుతాం. 2019 వేసవిలో మా ఆపా కొడుకు మా ఇంట్లో గడిపిన మూడు వారాల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ ఖాళీ విలువేమిటో నాకు తెలిసింది అప్పుడే.

ఆపా, దుల్హాభాయ్ కడప వదిలి సింగపూర్ వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. ఉద్యోగం కుదురుకున్నాక దుల్హాభాయ్ అక్కడ పీఆర్ తీసుకున్నాడు. అంటే శాశ్వతంగా ఉండే ఇజాజత్. భార్యకూ కొడుక్కూ కూడా వచ్చింది. పాస్‌పోర్టులు మాత్రం మన దేశానివే.

అక్కడి కానూన్ ఒకటి చెప్పాలి. సింగపూర్ 1965లో వేరే దేశమైంది. రెండేళ్లు తిరిగేసరికి, 1967లో, మగపిల్లలంతా ఫౌజ్‌లో పనిచేయాలని చట్టం తెచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండాక దాదాపు రెండేళ్లు. పౌరుల పిల్లలే కాదు, తల్లిదండ్రుల ద్వారా పీఆర్ వచ్చిన రెండో తరం మగపిల్లలు కూడా వెళ్లాల్సిందే. నౌకరీ మీద వచ్చి పీఆర్ తీసుకున్న మొదటి తరం తండ్రికి మాత్రం మినహాయింపు. కాగితం మీద దస్తఖత్ తండ్రిది, ఇవ్వాల్సిన రెండేళ్లు కొడుకువి.

మన వైపు ఫౌజ్ అంటే నౌకరీ. రిక్రూట్‌మెంట్ ర్యాలీ ఉందని తెలిస్తే చాలు, తెల్లవారకముందే మైదానంలో పిల్లలు చెప్పుల్లేకుండా పరుగులు తీస్తుంటారు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరికి ఊరే సిపాయిల పేరు మోస్తోంది. ఎంపికైన ఇంట్లో మిఠాయిలు పంచుతారు. అక్కడ మాత్రం ఫౌజ్ ఒక ఫర్జ్. ఎంపికయ్యామని ఎవరూ మిఠాయిలు పంచరు. అయిపోయిందని పంచుతారు.

మా భాంజా 2017 ఏప్రిల్‌లో వెళ్లాడు. శిక్షణ పులావ్ టెకాంగ్ అనే దీవిలో. మొదటిరోజు తల్లిదండ్రుల్ని కూడా ఫెర్రీలో తీసుకెళ్లి పిల్లలు పడుకునే గదులు చూపించి, మెస్‌లో భోజనం పెట్టి పంపిస్తారు. ముస్లిం పిల్లలకు హలాల్ వంట వేరుగా ఉంటుంది. "అన్నీ బాగున్నాయిరా. అన్నం బాగుంది, మంచాలు బాగున్నాయి. తిరిగొచ్చే ఫెర్రీలో మాత్రం ఒక్క తల్లి కూడా నోరు విప్పలేదు" అని ఆ రాత్రి ఆపా ఫోన్‌లో చెప్పింది.

వాడి దగ్గరున్న నీలం గుర్తింపు కార్డు తీసుకుని ఫౌజ్ కార్డు ఇచ్చారు. అక్కడ పౌరులకు గులాబీ కార్డు, పీఆర్ వాళ్లకు నీలం కార్డు. ఇరవై రెండు నెలలు అయ్యాక తోటి కుర్రాళ్లంతా గులాబీ కార్డులు పైకెత్తి ఫోటోలు దిగుతుంటే మా వాడి చేతిలో నీలం కార్డు. వాళ్లతో సమానంగా బురదలో పాకాడు, వాళ్ల సంచీ బరువే మోశాడు. కార్డు రంగు మాత్రం వేరు. ఈ సంగతి వాడు నవ్వుతూనే చెప్పాడు. ఆపా మాత్రం నవ్వలేదు.

యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీటు ఫౌజ్‌కు వెళ్లకముందే వచ్చింది. మగపిల్లలకు ఆ సీటు అలాగే ఉంచుతారు. ఫిబ్రవరిలో సర్వీసు ముగిసింది, ఆగస్టులో క్లాసులు. మధ్యలో కొన్నాళ్లు ఏదో గోదాములో పనిచేసి తన టికెట్ డబ్బులు తనే కూడబెట్టుకున్నాడు. రంజాన్ చివరి పదిరోజులకు అందరూ కలిసి కడప వచ్చారు.

పిల్లాడు మారిపోయాడు. ఐదుకల్లా లేచి దుప్పటిని గీత గీసినట్టు మడతపెట్టేవాడు. ఇఫ్తార్‌కు కూర్చుంటే మేం రెండో ఖర్జూరం అందుకునేలోపు వాడి పళ్లెం ఖాళీ. "నమిలి తినరా బేటా, ఇక్కడ ఎవరూ లాక్కోరు" అని అమ్మీ రోజూ అనేది. ఎటు వెళ్లాలన్నా "ఎన్ని గంటలకు, మామూ?" అని అడిగేవాడు. నలభై రెండు డిగ్రీల ఎండలో రోజా ఉండి కూడా మిద్దె మీద నీళ్ల ట్యాంకు కడిగాడు. ఎవరైనా పని చెబితే బాగుండు అన్నట్టుండేవాడు. పని లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

దుల్హాభాయ్ కంగారు దుల్హాభాయ్‌ది. సూట్‌కేసులో రెండు లావుపాటి లెక్కల పుస్తకాలు తెచ్చాడు, టైంటేబుల్‌తో సహా. "రెండేళ్లలో అంతా మర్చిపోయాడయ్యా. వీడితో చదివిన అమ్మాయిలు అప్పుడే రెండేళ్ల డిగ్రీ పూర్తి చేశారు" అనేవాడు. అదీ నిజమే. అక్కడ అమ్మాయిలకు ఈ ఫర్జ్ లేదు. పిల్లాడు మాట్లాడకుండా పుస్తకం తెరిచేవాడు. ఒకే పేజీ గంటసేపు ఉండేది.

పండగ అయిన నాలుగో రోజు ఇన్నోవా మాట్లాడుకుని గండికోట బయలుదేరాం. అమ్మీతో కలిపి ఏడుగురం. జమ్మలమడుగు దాటి కోటలోకి వెళ్లేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. ఎర్రటి బండల అంచున నిలబడితే కింద, లోతులో, పెన్న. జామియా మసీదు, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం చూశాం. పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడనీ, ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడనీ చెప్పాను. ఫిరంగులు అనగానే వాడు అందుకున్నాడు.

"మామూ, మా ఫౌజ్ ఫిరంగుల వాళ్లు ప్రాక్టీసుకు ఇండియాకే వస్తారు తెలుసా? నాసిక్ దగ్గర దేవ్‌లాలీకి. ట్యాంకుల వాళ్లు ఝాన్సీ దగ్గర బబీనాకు."

నిజమే. సింగపూర్‌లో ఫిరంగి పేల్చేంత ఖాళీ జాగా ఎక్కడిది? అమ్మీ మసీదు మెట్ల మీద కూర్చుని ఇదంతా వింటోంది. "అట్లయితే నువ్వు ఫిరంగుల్లోనే చేరాల్సింది కదరా. ఇటు వచ్చేవాడివి" అంది. ఫౌజ్‌లో ఎవరికి ఏ పని అనేది వాళ్లే చెబుతారని వాడు ఓపిగ్గా సమఝాయించాడు. అమ్మీకి అది నచ్చలేదు.

"మీ సిపాయిలు ఏ జబాన్‌లో మాట్లాడుకుంటారు?" అని అడిగింది.

"మామూలుగా ఇంగ్లీషే నానీ. కవాతు హుకుంలు మాత్రం మలయ్‌లో."

చెప్పి చూపించమంది. వాడు మెట్ల ముందు నిలబడి "సెదియా!" అని అరిచి నిటారుగా అయిపోయాడు. అటుగా పోతున్న మేకల మంద బెదిరింది. తర్వాత "సెనాంగ్ దిరి" అన్నాడు, కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. ఆ తర్వాత "రెహత్కన్ దిరి" అని భుజాలు వదులు చేశాడు.

"రెహత్? మన రాహతేనా?" అంది అమ్మీ.

మన రాహతే. అరబ్బీ నుంచి మనకెలా వచ్చిందో మలయ్‌కూ అలాగే వెళ్లింది. ఖబర్, దునియా కూడా వాళ్ల దగ్గర ఉన్నాయి. రెండేళ్లలో వాడి చెవికి అన్నిటికన్నా తియ్యగా వినబడిన హుకుం ఇదేనట. "కానీ నానీ, అక్కడ రాహత్ కూడా ఎవరో చెబితేనే తీసుకోవాలి. ఇక్కడికొచ్చాక ఎవరూ చెప్పడంలేదు. ఎలా తీసుకోవాలో తెలియడంలేదు."

ఇంగ్లీషు, ఉర్దూ కలిపి అన్నాడు ఆ మాట. ఎవ్వరం నవ్వలేదు. దుల్హాభాయ్ లోయ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి గండికోటలోనే ఉన్నాం. లెక్కల పుస్తకం సంచీలోంచి బయటికి రాలేదు.

మర్నాడు బెలుం గుహలు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలో సగం దాకానే జనాన్ని పోనిస్తారు. లోపల ఉక్క, గాలి అందదు. పైనుంచి గొట్టాల్లో గాలి పంపిస్తుంటారు. ఆడవాళ్లు పైనే ఉండిపోయారు. పాతాళగంగకు దిగే దారిలో దుల్హాభాయ్‌కి ఆయాసం వచ్చింది. నా కూతురు, నేను ముందు నడుస్తున్నాం. వెనక్కి తిరిగి చూస్తే భాంజా తన అడుగును తండ్రి అడుగుతో కలిపి నడుస్తున్నాడు, చెయ్యి పట్టుకోకుండా, అరడుగు వెనక. గాలి గొట్టం పక్కన ఇద్దరూ కూర్చున్నారు. గుహలో మాట మెల్లగా అన్నా దూరం వినిపిస్తుంది.

"అక్కడ బాగా కష్టపడ్డావా?" అని దుల్హాభాయ్ అడిగాడు. సర్వీసు అయిపోయి నాలుగు నెలలు. ఆ సవాల్ అదే మొదటిసారి అని తర్వాత ఆపా చెప్పింది.

బ్రూనై అడవి గురించి చెప్పాడు వాడు. ఆగని వాన, తడిసిన బూట్లు, జలగలు. ఒక రాత్రి ఏడ్చానని కూడా చెప్పాడు.

"దస్తఖత్ చేసింది నేను. చాకిరీ నీకు పడింది" అన్నాడు దుల్హాభాయ్.

"మీరు కొత్తగా వచ్చినప్పుడు ఒక గదిలో ఆరుగురు పడుకునేవాళ్లంట కదా. అమ్మీ చెప్పింది. అదెన్నేళ్లు?"

"మూడు."

"అయితే మీ సర్వీసే ఎక్కువ, అబ్బా. రెహత్కన్ దిరి."

దుల్హాభాయ్ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు గుహంతా తిరిగొచ్చింది. నా కూతురు ఏమైందని అడిగింది. ఏమీ లేదు, నడువమ్మా అన్నాను.

ఇంటికొచ్చాక అసలు మాట మిద్దె మీద, పడకల దగ్గర, అమ్మీయే తీసింది. సర్వీసు పూర్తిచేశాడు కాబట్టి ఇక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటాడు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అది వస్తే ఇది వదిలేయాలి. ఈ సంగతి అమ్మీకి ఎలా చెప్పాలా అని ఆపా వారం రోజులుగా నలుగుతోంది. అమ్మీకి ఎప్పుడో తెలుసు.

"మీ నానా కువైట్‌లో పద్నాలుగేళ్లు ఉన్నాడు. ఆ దేశం పని చేయించుకుంది, జీతం ఇచ్చింది, ఇంటికి పొమ్మంది. నాకది బాగుండేది. ఎన్నాళ్లయినా తిరిగొస్తాడని తెలుసు. నిన్ను మీ దేశం ఉండిపొమ్మంటోంది. ఉండిపొమ్మనడం కూడా ఇజ్జతే కదరా" అంది.

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి "నేనింకా పక్కా చేసుకోలేదు నానీ. ఆగస్టు దాకా ఆలోచిస్తా" అన్నాడు.

దుల్హాభాయ్ ఏదో అనబోయి ఆగిపోయాడు. మామూలుగా అయితే ఈపాటికి తారీఖు, ఫారం నంబరు చెప్పేవాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఇలాంటి సవాళ్లకు జవాబు కవాతులో దొరకదు, పరీక్ష హాల్లోనూ దొరకదు. హుకుం ఇచ్చేవాళ్లు లేని నాలుగు రోజులు కావాలి. లోయ అంచున కూర్చోవాలి, నాన్నతో ఒకే గొట్టం గాలి పీల్చాలి, మిద్దె మీద నానీ పక్కన పడుకోవాలి. దాన్నే మనం 'ఖాళీగా ఉండటం' అంటున్నాం.

ఆగస్టులో యూనివర్సిటీలో చేరాడు. లెక్కలు మొదటి సెమిస్టర్ ఇబ్బంది పెట్టాయి, తర్వాత దారికొచ్చాయి. పౌరసత్వం తీసుకున్నాడు, చేరిన వెంటనే కాదు, తనకు సరే అనిపించినప్పుడు. ఇప్పుడు వాడి దగ్గర గులాబీ కార్డు ఉంది.

ఫౌజ్ మాత్రం పూర్తిగా వదల్లేదు. అక్కడ సర్వీసు అయ్యాక కూడా రిజర్వులో ఉండాలి. దఫదఫాలుగా పదేళ్లపాటు పిలుస్తారు, ఇంట్లో ఉన్నవాడు సంచీ సర్దుకుని వెళ్లాలి. అమ్మీకి ఇప్పుడు ఈ లెక్కంతా కంఠతా. ఫోన్ చేస్తే ముందు ఖైరియత్, వెంటనే "ఈసారి ఎప్పుడు పిలుస్తున్నారు, ఎన్ని రోజులు?" అని అడుగుతుంది. తర్వాత అడిగే సవాల్ మేమెవ్వరం ఆమెకు నేర్పలేదు.

"మరి ఫుర్సత్ ఎప్పుడు?"