రొయ్యల వకీలు

అంతర్జాతీయ వాణిజ్య న్యాయవాదినని చెబితే మా బంధువుల్లో సగం మంది నేను జెనీవాలో కోటు తొడుక్కుని వాదిస్తాననుకుంటారు. పని తెలిసినవాళ్లు మాత్రం రొయ్యల వకీలు అంటారు. అదే నిజానికి దగ్గర. ఆఫీసు ఢిల్లీలో, కక్షిదారులు భీమవరం చుట్టుపక్కల, కేసు వాషింగ్టన్‌లో.

2003 డిసెంబరు ఆఖరు రోజున అమెరికా రొయ్యల పరిశ్రమవాళ్లు యాంటీ డంపింగ్ ఫిర్యాదు వేశారు. 2005 ఫిబ్రవరిలో మన రొయ్యల మీద సుంకం పడింది. విడిగా రేటు తేలని కంపెనీలకు 10.17 శాతం. ఒకసారి పడి ఊరుకునే సుంకం కాదది. దిగుమతిదారు ముందు డిపాజిట్ కడతాడు, అసలు కట్టాల్సింది ఎంతో తర్వాత సమీక్షలో తేలుస్తారు. ఏటా ఫిబ్రవరిలో ఆ సమీక్ష అడగొచ్చు. అందరి లెక్కలూ చూసే ఓపిక అక్కడి వాణిజ్య శాఖకు ఉండదు. మామూలుగా ఎక్కువ సరుకు పంపే ఒకటి రెండు కంపెనీలను ఎంచుకుంటుంది. వాళ్లకు తేలిన రేట్ల సగటే చాలావరకు మిగతావాళ్ల నెత్తినా పడుతుంది.

సొంత దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు బయట అమ్మడమే డంపింగ్ అని లా కాలేజీలో చదివాం. మన రొయ్య దగ్గర ఆ మాట నిలవదు. దేశంలో అమ్మింది అమెరికాకు పంపినదాంట్లో 5 శాతమైనా లేకపోతే ఇక్కడి ధరను పక్కన పెట్టి, మూడో దేశంలో ఎంతకమ్మారో చూస్తారు. అంటే గోదావరి జిల్లా రొయ్య అమెరికాలో చౌకగా అమ్ముడైందా లేదా అన్నది జపాన్ వ్యాపారి ఇచ్చిన ధర మీద తేలవచ్చు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు ఏ ప్లాంటు యజమానికైనా నేను హాస్యమాడుతున్నానేమో అనిపిస్తుంది.

సరే, ధరతో ధర పోల్చాలంటే రొయ్య సైజూ కలవాలి. చెరువు గట్టు మీద 50 కౌంట్ అంటే తలతో సహా కిలోకు యాభై. అమెరికా పెట్టె మీద 31/40 అంటే తల తీసేశాక పౌనుకు ముప్పయ్యొకటి నుంచి నలభై. తల తీస్తే బరువులో అరవై పైచిలుకు శాతం మిగులుతుంది కాబట్టి ఆ యాభై కౌంట్ సరుకు దాదాపు ఈ పెట్టెలోకే చేరుతుంది. కానీ పెంకు ఒలిస్తే లెక్క మారుతుంది. పైన మంచు పూత వేస్తే తూకం మారుతుంది. ఎక్కడో ఒక బ్యాచ్‌లో మంచుతో కలిపిన బరువు వేసి, ఇంకోచోట మంచు తీసేసిన బరువు వేస్తే కిలో ధర తప్పుతుంది, దాంతో డంపింగ్ మార్జినూ మారిపోతుంది. ఈ కేసుల్లో చట్టం మీద వాదన నాలుగు పేజీలుంటే, కౌంట్లూ తూకాలూ వందల పేజీలుంటాయి.

తనిఖీకి అమెరికా అధికారులు ప్లాంటుకే వస్తారు. ఒక ఇన్‌వాయిస్ తీసి దీన్ని ముందుకీ వెనక్కీ నడిపించండి అంటారు. ఆర్డరు, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, బ్యాంకులో డబ్బు పడ్డ కాగితం, లెడ్జరు, ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు దాకా అంకె తెగకుండా వెళ్లాలి. వెనక్కి వెళ్తే రొయ్య కొన్న రోజు కాటా పుస్తకం. ఒక ప్లాంటులో ఆ పుస్తకం అడిగితే అకౌంట్స్ చూసే పెద్దాయన, “అమెరికా వాడికి మా కాటా పుస్తకంతో పనేంటండీ?” అన్నారు. పుస్తకం వచ్చింది. బాల్ పెన్ను రాత, తడి చేతి మరకలు, ఏడు ఒకటిలా, ఒకటి ఏడులా. పక్క పేజీలో ఎవరిదో అప్పు లెక్క. అధికారి చాలాసేపు దాన్ని చూసి, ఆ అప్పు లెక్క కంపెనీదేనా అని అడిగాడు. కాదని నమ్మించడానికి పూటంతా పట్టింది.

నాకు సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టింది ఇలాంటి చోట్లనే. వాణిజ్య శాఖకు ఇచ్చే జవాబులో రహస్య సమాచారాన్ని బ్రాకెట్లలో పెట్టి దాఖలు చేయాలి. అవి తీసేసిన బహిరంగ ప్రతిని మర్నాటి పనిదినానికల్లా ఇవ్వాలి. అంకెల్ని ఉత్తినే చెరిపేస్తే కుదరదు. అసలుకు పది శాతం అటూ ఇటూగా చూపాలి. గడువు వాషింగ్టన్‌లో సాయంత్రం ఐదు. మనకది చలికాలంలో తెల్లవారుజామున మూడున్నర. ఆ వేళకు ఏ జూనియర్ కళ్లూ బ్రాకెట్లను నమ్మకంగా చూడలేవు. తెరిచి మూయనివాటినీ, ఒక చోట దాచి ఇంకోచోట వదిలేసిన అంకెలనూ పట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. అందం లేదు, పనిచేస్తుంది. కౌంట్లను, బరువులను ఒకే కొలతలోకి మార్చి పొంతన లేని వరుసల్ని ఎర్రగా చూపేది ఇంకొకటి.

సమావేశాల్లో అమ్మజూపే లీగల్ టెక్ సరంజామా ఎక్కువగా కాంట్రాక్టులు చదివేదే. ఇప్పుడు ఏఐ వచ్చి జవాబు ముసాయిదా కూడా రాసిపెడుతోంది. బాగానే రాస్తుంది, కాదనను. కానీ కక్షిదారు ఖర్చుల వివరం ఎవరి సర్వర్‌కు వెళ్తుందో రాతపూర్వకంగా తేలందే దాని నోట పెట్టను. అయినా మా కేసులు చెడేది వాక్యం దగ్గర కాదు. అడిగిన సమాచారం సరిగా ఇవ్వలేకపోతే శాఖ తనకు దొరికిన ఆధారాలతోనే రేటు కడుతుంది, అది మనకు అనుకూలంగా ఉండాలని లేదు. కాబట్టి ఖర్చు పెట్టేదేదో కాటా దగ్గర పెట్టండి, బరువు నేరుగా కంప్యూటర్‌లో పడేలా చేయండి అని పోరుతుంటాను.

జెనీవా మీద మోజుతో వచ్చే విద్యార్థులకు అక్కడి ప్రపంచ వాణిజ్య సంస్థ 2008లో ఇచ్చిన తీర్పు చదవమని ఇస్తాను. రొయ్యల దిగుమతిదారుల నుంచి అమెరికా కస్టమ్స్ అదనపు బాండ్లు అడిగిన విషయంలో అక్కడ భారత్ గెలిచింది. 2019 డిసెంబరు నుంచి ఆ సంస్థ అప్పీళ్ల విభాగంలో విచారణకు చాలినంత మంది సభ్యులే లేరు. ఇటు 2024లో సబ్సిడీల పేరుతో ఇంకో సుంకం వచ్చి చేరింది, 2025 ఆగస్టులో భారత సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి ఎక్కింది. పని మాత్రం తగ్గలేదు.

కాటా మార్చుకోమంటే ఈమధ్య ఒక యజమాని అడ్డంగా తలూపారు. “మమ్మల్ని ఎప్పుడూ ఎంచుకోలేదు కదండీ. వాళ్ల లెక్కల మీదేగా మా రేటు, మేం లక్షలెందుకు పోయాలి?” అన్నారు. ఆయన లెక్క తప్పేం కాదు. పెద్ద కంపెనీల కాటా బాగుపడితే లాభం ఆయనకూ వస్తుంది, ఖర్చు మాత్రం రాదు. ఆ ఖర్చు అందరూ కలిసి పెట్టుకునే ఏర్పాటు ఏదైనా కుదురుతుందేమోనని ఎగుమతిదారులతో మాట్లాడుతున్నాను. ఇంకా ఎవరూ సరే అనలేదు.