నాయన అడిగిన ప్రశ్న

మాది సూళ్లూరుపేట పక్కన ఒక పల్లె. శ్రీహరికోటలో పెద్ద రాకెట్టు లేచిందంటే మా ఇంటి తలుపులు గడగడలాడతాయి. అందుకే నేను బి.ఎస్సీ.లో చేరగానే ఊరంతా నాకు ఉద్యోగం ఖాయం చేసేసింది. “ఇంకేముంది, షార్‌లో పడిపోతాడు!” అన్నారు. అక్కడి ఉద్యోగాలకు దేశం నలుమూలల నుంచీ పోటీ అనీ, పొరుగూరి వాడికి మార్కులేమీ కలపరనీ వాళ్ళకెవరు చెప్పాలి?

నా మనసు మాత్రం వేరే చోట పడింది. గాదంకిలో వాతావరణ పరిశోధనకు నెలకొల్పిన రాడార్ చూడటానికి ఒకసారి వెళ్ళాను. 1024 యాంటెన్నాలు, నాట్లు వేసిన మడిలాగా వరుసలు తీరి ఉన్నాయి. ఇలాంటి చోట పనిచేయాలని ఆ రోజే అనుకున్నాను.

సంక్రాంతి సెలవుల్లో మడికి యూరియా చల్లుతుంటే నాయన అడిగాడు.

“డిగ్రీ అయిపోతా ఉండాది. తర్వాత ఏందిరా?”

“ఎమ్మెస్సీ చేసి పరిశోధనలో చేరాలనుంది నాయనా.”

“అది చదువా, ఉద్యోగమా?”

నిజానికి అది రెండూను. ఎమ్మెస్సీ తర్వాత నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం, మొదటి రెండేళ్ళూ నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 ఇస్తారు. ఈ మాట చెప్పేసరికి నాయన మొహం వెలిగింది.

“పర్మనెంటేనా?”

“కాదు. అయిదేళ్ళు.”

ఆ వెలుగు కాస్తా తగ్గింది. నాకూ లోపల భయమే. డాక్టరేటు పుచ్చుకుని కూడా ప్రైవేటు కాలేజీలో చాలీచాలని జీతానికి పాఠాలు చెబుతున్న సీనియర్ ఒకరిని నేనెరుగుదును.

అయినా ఒక మాటన్నాను. “నాయనా, మనం వేసిన ఎన్.ఎల్.ఆర్. 34449 ఎక్కడిది? నెల్లూరు పరిశోధనా కేంద్రంలో పుట్టిందే గదా. అగ్గితెగులుకు తట్టుకుంటుందని నువ్వే అంటావు. దాని వెనక ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని పనిచేశారు.”

నాయన పైరును చేత్తో నిమిరి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. “మంచి పనేరా. కానీ మీ అక్క పెండ్లి బాకీ ఇంకా తీరలా.”

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. బి.ఎస్సీ. ఫస్టు క్లాసులో ప్యాసయిన వాళ్ళకు షార్‌లో అప్పుడప్పుడూ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు పడతాయి. అవి పడితే దరఖాస్తు పెడతాను. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షా రాస్తాను. ఏది ముందొస్తే దాన్ని బట్టి ఆలోచిస్తాం.

“ముందు ఆ ఫస్టు క్లాసు సంగతి చూడు,” అని నాయన యూరియా బక్కెట్టు నా చేతికిచ్చాడు.

గురువులకొక చిన్న మనవి. ఈ ఫెలోషిప్పుల గురించీ, ఈ పరీక్షల గురించీ ఏడాదికొక్క గంటైనా మాకు చెప్పండి. సేద్యగాళ్ళ ఇళ్ళలో ఇవి చెప్పేవాళ్ళు ఉండరు. మా నాయన ప్రశ్నకు జవాబు కోసం నేను మూడేళ్ళు వెతుక్కున్నాను. నా వెనక వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మొదటి ఏడే అది తెలియాలి.