మా ఊరి వీణ, చిట్టిబాబు గారి కోయిల

నూజివీడు అనగానే అందరూ చిన్నరసాలే తలుచుకుంటారు. మా ఊరు వీణలకీ పేరున్న ఊరే సుమా! పనసచెక్కతో చేస్తారు. మైనంలో 24 మెట్లు నిలబెడతారు. ఏడు తీగల్లో నాలుగు వాయించడానికి, మూడు తాళానికి.

నేను సంగీతం నేర్చుకోలేదు. రాగం పేరు చెప్పమంటే తెల్లమొహం వేస్తాను. అయినా చిట్టిబాబు గారి వీణ వస్తోందంటే స్టవ్ తగ్గించేస్తాను. 1936లో కాకినాడలో పుట్టారు, 1996లో వెళ్ళిపోయారు. ఆయన ‘కొమ్మలో కోయిల’ విన్నారా? తోటలో కోయిల కూత కూతకీ గొంతు పెంచుకుంటూ పోతుంది చూడండి, అచ్చం అలాగే! ఒక్క మెట్టు మీదే తీగను పక్కకి లాగి పై స్వరాలు పలికిస్తారు. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి గారి తీరు వేరు. ఆ వీణ పాడుతున్నట్టే ఉంటుంది. పోపు వేస్తూ వినేది కాదు, కూర్చుని వినాలి.

“అర్థం కానిది ఎందుకు వింటావు?” అంటారు మావారు. మామిడిపండు తినాలంటే అంటు కట్టడం రావాలా? రాగాలు తెలిస్తేనే కచేరీకి వెళ్ళాలనుకుని మన ఆడవాళ్ళు చాలామంది గుమ్మం దాటరు. నాకు అదే కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు ఫోనులో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతోంది. ఆవకాయ ముక్కలు తుడుస్తూ పెట్టుకుంటే సరి.