బోసోన్ మంచునది

ఫ్రాన్సు దేశమునకు తూర్పు అంచున, ఇటలీ, స్విట్జర్లాండు సరిహద్దులకు చేరువలో, షామొనీ అను ఊరు కలదు. అది ఇరుకైన లోయలో నున్న చిన్న ఊరు. లోయ నడుమ ఆర్వ్ అను నది ప్రవహించుచుండును. వీథిలో నిలిచి దక్షిణముగా తల యెత్తినచో ఆల్ప్స్ పర్వతములలో నెల్ల ఉన్నతమైన మౌంట్ బ్లాంక్ శిఖరము కానవచ్చును. ఆ పేరునకు తెల్లకొండ యని అర్థము. దాని నెత్తిన పైకి కనబడునది రాయి కాదు, మంచు. ఆ మంచు గాలికి పేరుకొనుచు, తరుగుచు ఉండుటచే శిఖరము ఎత్తు కొలిచినప్పుడెల్ల మాఱుచుండును. 2021లో 4,807.81 మీటర్లుగా తేలిన శిఖరము 2023లో 4,805.59 మీటర్లుగా తేలెను. పర్వతముల ఎత్తులను కంఠస్థము చేయవలసిన విద్యార్థులకు ఈ సంగతి కొంత ఊరట కలిగింపవచ్చును.

ఈ శిఖరము ప్రక్కనుండి బయలుదేరి, పగుళ్లతోను గడ్డలతోను నిండి, దేవదారు వనముల వైపు ఒక తెల్లని నాలుకవలె దిగివచ్చునదే బోసోన్ హిమానీనదము. స్థానికులకు అది మంచునది. గోదావరి గట్టున పెరిగిన బాలునకు నది యనగా కదలుట, మ్రోగుట, తీరమును ఒరయుట. ఈ నదియో చూచుటకు కదలదు. ఒకనాడు చూచినను, మఱునాడు చూచినను అచ్చటనే యున్నట్లు తోచును. కాని అది నిజముగా నదియే. పైన ఏటేట కురిసిన మంచు తన బరువునకు తానే నొక్కుకొని గట్టి గాజువంటి గడ్డయగును. ఆ గడ్డ వాలు వెంబడి మెల్లగా జారును. మార్గమున రాళ్లను, మన్నును, చెట్ల మొద్దులను మోసికొని వచ్చును. క్రిందికి వచ్చినకొలది వెచ్చదనము సోకి కరిగి, మోసికొని వచ్చినదానిని అచ్చట దింపి, తాను వాగై ఆర్వ్ నదిలో కలియును.

ఒకప్పుడు ఈ లోయలోని రైతులకు మంచునదులన్న గుండె దడ. పదునేడవ శతాబ్దమున చలి హెచ్చి, మంచునదులు పెరిగి, పొలముల మీదికిని ఇండ్ల మీదికిని వచ్చెను. 1644లో గ్రామస్థులు జెనీవా మతపీఠమునకు చెందిన బిషప్పును వేడుకొనగా, ఆయన వచ్చి, సుమారు మూడువందల మంది ఊరేగింపుగా వెంటరాగా, మంచు వెనుకకు మరలవలెనని ప్రార్థనలు జరిపించెను. మంచు ముందుకు రాకుండుటయే ఆనాటివారి కోరిక. ఈ సంగతి మనసున నుంచుకొనవలెను.

కొండమీదికి పోవలెనను కోరిక అటు తరువాత పుట్టినది. 1760లో జెనీవా నుండి సొస్యూర్ అను ఇరువదియేండ్ల యువకుడు షామొనీకి వచ్చి, మౌంట్ బ్లాంకును చూచి, దాని శిఖరమునకు త్రోవ కనుగొన్నవారికి బహుమతి నిత్తునని ప్రకటించెను. ఇరువదియాఱేండ్ల వఱకు ఆ బహుమతి నెవ్వరును అందుకొనలేదు. చీకటి పడినపిమ్మట మంచుమీద నున్నవాడు చచ్చునని లోయవారి నమ్మకము. తుదకు 1786 ఆగస్టు 8వ తేదీ సాయంకాలము ఆఱు గంటలు దాటినపిమ్మట ఇరువురు శిఖరమున నిలిచిరి. ఒకరు ఆ ఊరి వైద్యుడు పకార్. రెండవవాడు కొండలలో స్ఫటికములు వెదకి అమ్ముకొను బల్మా. బోసోన్ మంచునదికిని దాని ప్రక్కనున్న మంచునదికిని నడుమ నున్న కొండచఱియయే వారి మార్గము. వారికి త్రాళ్లు లేవు, మంచుగొడ్డళ్లు లేవు, పొడవైన చేతికఱ్ఱలు మాత్రమే యుండెను. పకార్ భారమితిని గూడ వెంటగొని పోయెను. ఊరిలో కొందఱు దూరదర్శినులతో వారిని చూచుచుండిరి.

దిగివచ్చినపిమ్మట జరిగినది అంత ముచ్చటైనది కాదు. బూరీ యను రచయిత తాను ఎక్కజాలని కొండను వైద్యుడెక్కుట సహింపలేక, ఘనత యంతయు బల్మాదే యన్నట్లు వ్రాసెను. 1832లో ప్రసిద్ధ నవలాకారుడు డ్యూమా వృద్ధుడైన బల్మాను కలిసికొని, ఆయన చెప్పిన కథను లోకమునకు వినిపించెను. అందు వైద్యుడు బల్మా ఈడ్చుకొని పోయిన నిస్సహాయుడయ్యెను. పకార్ అప్పటికే మరణించి అయిదేండ్లయినది; బదులు చెప్పువాడు లేడు. 1887లో షామొనీ నడిబొడ్డున నిలిపిన విగ్రహములలో బల్మా సొస్యూరునకు శిఖరమును చూపుచుండును. పకార్ జాడయే లేదు. కాని ఆనాడు దూరదర్శినితో చూచిన జర్మను పండితుడొకడు తాను కన్నదానిని కన్నట్లు దినచర్యలో వ్రాసి, చిత్రము గీసి యుంచెను. ఆ కాగితములు ఇరువదవ శతాబ్దమున బయల్పడి వైద్యుని పక్షమున సాక్ష్యము చెప్పినవి. 1986లో, కొండ యెక్కిన రెండువందల యేండ్లకు, పకార్ విగ్రహము ఆ ఊరిలో వెలసెను.

తరువాత ఆ కొండకు యాత్రికులు రాసాగిరి. 1808లో మరీ పారడీ అను షామొనీ వనిత శిఖరమున కాలుమోపెను. యాత్రికులకు త్రోవ చూపుటయే లోయలోని పురుషులకు జీవనోపాధి యయ్యెను. 1820 ఆగస్టున హామెల్ అను రష్యా పండితుడు ఇరువురు ఆంగ్లేయులతోను, పలువురు మార్గదర్శులతోను బయలుదేరెను. క్రొత్త మంచు కురిసియుండుటచే మరలిపోవుట మంచిదని మార్గదర్శులు పలికిరనియు, హామెల్ వినలేదనియు చెప్పుదురు. పైనున్న మంచు మైదానము దాటుచుండగా మంచు విరిగి పడెను. ముగ్గురు మార్గదర్శులు లోతైన మంచు పగులులో పడిపోయిరి. వారి దేహములు దొరకలేదు.

ఆ మరుసటి యేడే, 1821లో, షామొనీ మార్గదర్శులు ఒక సంఘముగా ఏర్పడిరి. యాత్రికుల వెంట వంతులవారీగా పోవుట, ప్రమాదమునకు లోనైనవారి కుటుంబములకు కొంత సొమ్ము సమకూర్చుట వారు పెట్టుకొన్న నియమములు. నేటికిని ఆ సంఘము నిలిచియున్నది. ప్రతి సంవత్సరము ఆగస్టు 15వ తేదీన వారు పండుగ జరిపి, కొండలలో మరణించిన తమవారి పేర్లను పిలిచి స్మరింతురు.

మంచునది ఎంత వడిగా నడచునో కొలువవలెనని స్కాట్లండు శాస్త్రజ్ఞుడు ఫోర్బ్స్ పూనుకొనెను. 1842లో ఆయన షామొనీకి సమీపముననే యున్న మెర్ ద గ్లాస్ అను మఱియొక మంచునదిపై గుర్తులు పెట్టి, ఒడ్డున నున్న రాళ్లనుండి వానిని యంత్రముతో చూచుచు లెక్క వేసెను. మంచు దినమునకు ఒక మూరెడు మాత్రము కదలునని తేలెను. నీటి నదిలోవలెనే ఒడ్డులకంటె నడుమ వేగము హెచ్చు. ఈ లెక్కను బట్టి, 1820లో పోయిన మార్గదర్శులను బోసోన్ మంచునది ముప్పదియైదు, నలుబది యేండ్లలో క్రిందికి తెచ్చునని ఆయన పలికెను. ఆ మాటను నమ్మినవారెందఱో, నవ్వినవారెందఱో! 1861లో మంచునది కొసన ఎముకలును, బట్టల పీలికలును, టోపీలును, విరిగిన చేతికఱ్ఱలును బయటపడినవి. సరిగా నలుబదియొక్క యేండ్లు. నాటి ప్రమాదమునుండి బ్రతికినవారిలో ఒక మార్గదర్శి అప్పటికి వృద్ధుడై యుండెను. పడినవారు యువకులుగానే పోయిరి. ఆయన మాత్రము నెఱసిన తలతో వచ్చి తన తోడివారి వస్తువులను గుర్తించెను.

భారతదేశమునకు ఈ మంచునదితో ముడి పడినది ఇరువదవ శతాబ్దమున. 1950 నవంబరు 3వ తేదీన బొంబాయి నుండి లండనునకు పోవుచున్న ఎయిర్ ఇండియా విమానము ‘మలబార్ ప్రిన్సెస్’ మౌంట్ బ్లాంకును ఢీకొనెను. అందున్న నలుబది యెనమండుగురును మరణించిరి. ప్రయాణికులలో పెక్కుమంది నావికులు. ఎవరైన ప్రాణములతో నుందురేమో యని షామొనీ నుండి రక్షక దళము బయలుదేరెను. వారికి ముందు నడచిన రెనె పాయో అను మార్గదర్శి ఆ ప్రయత్నములోనే మంచులో పడి ప్రాణము విడిచెను. తానెన్నడును చూడని దేశమునుండి వచ్చిన, తానెఱుగని మనుష్యులకై ఆయన కొండ యెక్కెను.

పదునాఱేండ్లు తిరుగకముందే, 1966 జనవరి 24వ తేదీ ఉదయమున, ఇంచుమించు ఆ చోటనే మఱియొక ఎయిర్ ఇండియా విమానము కూలెను. దాని పేరు ‘కాంచనజంగ’. జెనీవాలో దిగుటకై క్రిందికి వచ్చుచుండగా, దిక్కు తెలుపు యంత్రములలో ఒకటి చెడియుండుటచే, శిఖరమును దాటితిమని విమాన చోదకుడు పొరబడెను. నూటపదునేడుగురు మృతిచెందిరి. భారత అణుశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన హోమీ భాభా వారిలో ఒకరు. వియన్నాలో సమావేశమునకు పోవుచుండిరి. సరిగా ఆ దినముననే ఢిల్లీలో ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి.

నేడు షామొనీకి జనులు భయముతో కాక ఉత్సాహముతో వత్తురు. 1924లో మొదటి శీతకాల ఒలింపిక్ క్రీడలు జరిగినది ఇచ్చటనే. శీతకాలమున స్కీలు కట్టుకొని మంచు వాలులపై జారుదురు. వేసవిలో మౌంట్ బ్లాంకు చుట్టును మూడు దేశముల మీదుగా సుమారు 170 కిలోమీటర్లు కాలినడకన ప్రదక్షిణము చేయుదురు. పది పదునొకండు దినములు పట్టును. తిరుమల మెట్లెక్కినవారికి ఆ నడకలోని అలసటయు, ఆనందమును కొంత బోధపడును. అంత ఓపిక లేనివారికి 3,777 మీటర్ల యెత్తువఱకు కేబుల్ కారు కలదు. 1955 నుండి నడచుచున్నది. బూట్ల క్రింద ఇనుప ముండ్లు బిగించి, నడుములకు ఒకే త్రాడు కట్టుకొని, మార్గదర్శి వెనుక మంచునదులను దాటువారును కలరు. ఆ త్రాటి వలన ఒకడు జారినను తక్కినవారు నిలుపగలరు.

అయితే వారు చూచు మంచు నానాటికి తగ్గుచున్నది. ఫోర్బ్స్ కొలిచిన మెర్ ద గ్లాసులోనికి దిగుటకు 1988లో మూడు మెట్లు చాలెనట. మంచు క్రుంగినకొలది ఏటేట మెట్లు చేర్చవలసివచ్చి, అవి అయిదువందలు దాటెను. 2024లో ఆ మెట్లకు మాఱుగా క్రొత్త కేబుల్ మార్గము తెఱచిరి. బోసోన్ నాలుకయు కొండమీదికి ముడుచుకొనుచున్నది. మనుష్యులు కాల్చు బొగ్గు, నూనెల వలన గాలి వేడెక్కుటయే దీనికి ముఖ్యకారణము. 1644 నాటి రైతులు మంచు వెనుకకు పోవలెనని ప్రార్థించిరి. వారి మనుమల మనుమలు ఆ మంచు నిలువవలెనని కోరుకొనుచున్నారు.

మంచు తగ్గుచున్నకొలది దాని కడుపులోనివి బయటికి వచ్చుచున్నవి. 2012లో బోసోన్ మంచుపై ఒక సంచి కనబడెను. అది భారత విదేశాంగ శాఖ తపాలా సంచి. అందు వార్తాపత్రికలు, క్యాలెండర్లు ఉండెను. దానిని పారిసులోని భారత రాయబార కార్యాలయమున కప్పగించిరి. 2013లో ఒక యువకుడు అచ్చటనే ఒక చిన్న లోహపు పెట్టెను కనుగొనెను. మూత తీసి చూడగా పచ్చలు, నీలములు, కెంపులు! చుట్టును మనుష్యమాత్రుడు లేడు. అతడు పెట్టెను సంచిలో వేసికొని దిగివచ్చి తిన్నగా పోలీసుల కిచ్చెను. సొంతదారులు ఎవరో తేలకపోవుటచే 2021లో ఆ రత్నములను సగము అతనికిని, సగము షామొనీ పురపాలక సంఘమునకును పంచిరి. మొత్తము విలువ సుమారు మూడు లక్షల యూరోలు. అడుగకయే అప్పగించిన ఆ యువకునకు ఆ సగము న్యాయముగా చెందినదే యని ఎవరైనను ఒప్పుకొందురు.

2020 వేసవిలో బోసోన్ మంచునది ప్రక్కన పూటకూటి విడిది నడుపువాడొకడు కరుగుచున్న మంచులో తడిసిన కాగితపు కట్టలను చూచెను. అవి 1966 జనవరి నాటి భారతదేశపు ఆంగ్ల వార్తాపత్రికలు. ఏబదినాలుగేండ్లు మంచులో నడచి వచ్చినవి. ఆయన వానిని చిరుగకుండ మెల్లగా విప్పి ఆరవేసెను. అక్షరములు చెదరలేదు. మొదటి పుటలో, పెద్ద అక్షరములతో, భారతదేశమునకు తొలి మహిళా ప్రధాని యని యుండెను.