చేతిలో మూడు పణాలు

బెంగళూరులో ఉద్యోగాలు చేసే మా మేనల్లుళ్లు పండక్కి గుడిబండ వచ్చినప్పుడల్లా పంచలో చాప పరిచి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతారు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, ఆ పాత్ర నోటితో మాట్లాడుతూ, కష్టమొచ్చిన చోట పాచిక వేస్తారు. రాక్షసుల కన్నా, మంత్రాల కన్నా నాకు ఆసక్తి కలిగించింది వాళ్ల డబ్బు లెక్క. పెద్దవాడి పాత్ర దగ్గర వేల బంగారు నాణేలున్నాయి. కత్తి కొన్నాడు, కవచం కొన్నాడు, ఇక కొనేందుకు ఏమీ లేదు. "ఇంత బంగారం ఏం చేసుకోవల్ల మామా? ఈ లెక్క తీసేస్తే పోతుంది కదా" అన్నాడు. తీసేయొద్దన్నాను. డబ్బుకు పని లేకుండా పోయింది గనక దానికి పని కల్పించాలి గానీ, డబ్బునే తీసేస్తే ఆటలో ఒక అంగం పోయినట్టే.

1974లో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆ ఆటను అచ్చు వేసినప్పుడు బంగారానికి గట్టి పనే ఉండేది. నేలమాళిగలోంచి క్షేమంగా బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు. రాక్షసుణ్ణి చంపితే వచ్చేది దాని ముందు కొంచెమే. అందుకని తెలివైన ఆటగాళ్లు నిద్రపోతున్నవాణ్ణి లేపకుండా పెట్టె ఎత్తుకొచ్చే దారి వెతికేవాళ్లు. పైగా నాణేలకు బరువుండేది. తొలినాళ్ల నియమాల్లో 10 నాణేలు ఒక పౌండు. వెయ్యి నాణేలు భుజానికెత్తుకుంటే 45 కిలోలు, ఇక పరుగెత్తే మాట లేదు. కూలివాళ్లను పెట్టుకోవాలా, కంచరగాడిదను కొనాలా, సగం వదిలేసి పోవాలా? కత్తి దూయకుండానే కథ నడిచేది. 2000లో వచ్చిన మూడో కూర్పు నాటికి బంగారానికి పాయింట్లిచ్చే ఆ నియమం లేదు. మిగిలింది మా వాడి దగ్గరున్నటువంటి కుప్ప.

1977లో మార్క్ మిల్లర్ రాసిన ట్రావెలర్ అనే ఆట మరో దారి తొక్కింది. అందులో ఆటగాళ్లకు అంతరిక్ష నౌక దొరుకుతుంది, అప్పు మీద. నెలనెలా నౌక ధరలో 240వ వంతు కట్టాలి, 480 నెలలు. వాయిదాలే చూసుకుంటే ధరకు రెండింతలు. వాయిదా దగ్గర పడితే ఏ సరుకైనా ఎక్కించుకోవాలి, నచ్చని మనిషినైనా మోసుకుపోవాలి. మా వైపు వేరుశనగ రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. వాన పడని ఏడు కూడా వాయిదా వస్తుందని అతనికి తెలుసు. ఆ నియమం రాసినవాడు మనుషులు ఇల్లు వదిలి ఎందుకు బయల్దేరతారో బాగా ఎరిగినవాడనిపిస్తుంది నాకు.

మన ఆటల్లోనూ ఈ ఎరుక ఉంది. వామనగుంటలు చూడండి. మా పక్కింటి కన్నడం అవ్వ దాన్నే అళగుళి మణె అంటుంది. వరుసకు 7 గుంటలు, రెండు వరుసలు, గుంటకు 5 చొప్పున 70 చింతగింజలు. చింతపండు కాలంలో హిందూపురం మార్కెట్‌కు పోయే పండులోంచి గింజ తీసే పని మా అరుగుల మీద జరుగుతుంటుంది. పిల్లలు గుప్పెడు తీసుకుపోతే ఎవరూ అడగరు. అదే గింజ గుంటలో పడ్డాక ఖరీదు చేస్తుంది. మొదటి ఆటలో ఓడి 23 గింజలే మిగిలిన పిల్ల రెండో ఆటకు 4 గుంటలే నింపుకోగలదు. తక్కిన మూడూ మూతపడతాయి. గింజ తగ్గితే ఆడే చోటే తగ్గుతుంది. మా వాడి బంగారానికి ఈ గుణమే లేదు. ఉన్నా లేకున్నా వాడు చేయగలిగేది మారదు.

అందుకని మన నేల మీదే ఒక కథ కట్టమన్నాను. 1565లో రాక్షసతంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చాడు. హంపి నుంచి మూటాముల్లెతో వస్తున్న నలుగురు ఆ కోట వాకిలి ముందు నిలబడతారు. వాళ్ల చేతికి ఏ నాణెం ఇవ్వాలి? 1443లో విజయనగరం వచ్చిన అబ్దుల్ రజాక్ అక్కడి చలామణీని వివరంగా రాసిపెట్టాడు. వరహాలో సగం ప్రతాపం, ప్రతాపంలో పదో వంతు పణం, పణంలో ఆరో వంతు వెండి తార, తారలో మూడో వంతు రాగి జిటెల్. వీటిలో ఎక్కువగా పనికొచ్చేది పణమేనని కూడా రాశాడు. ఇంటి ఖర్చు ఎరిగిన ఎవరైనా ఆ మాట ఒప్పుకుంటారు. వరహా దాచుకునేది. పణం మార్చుకునేది, బేరమాడేది, చాలక తడుముకునేది.

నలుగురికీ కలిపి మూడు పణాలే ఇప్పించాను. వాకిట సుంకం రెండు పణాలు, గుర్రానికి మేత ఒకటి, జ్వరంతో ఉన్న ముసలాయనకు వైద్యుడు అడిగేది రెండు. ధరలు నేను ఊహించి పెట్టినవే. పెద్దవాడు సుంకరితో బేరానికి దిగాడు. చిన్నవాడు గుర్రాన్ని అమ్మేద్దామన్నాడు. "ముసిలోణ్ణి మోసేది ఎవరు మరి, నువ్వా?" అని అక్క కూతురు గొంతు పెంచింది. అంతకుముందు నాలుగు మాటలు కూడా మాట్లాడని పిల్ల. అన్నానికి పిలిచేదాకా ఒక్కరూ పాచిక ముట్టలేదు.

ఉగాదికి మళ్లీ వస్తామన్నారు. అప్పటికి పెనుకొండ అంగడి వీధిలో అప్పులిచ్చే సావుకారి పాత్ర నేను పట్టుకుంటాను. పణానికి నెలకు ఒక తార వడ్డీ అడిగితే ఏడాదికి అసలుకు రెండింతలవుతుంది. అంత వద్దు. ఒక జిటెల్ అనుకుంటున్నాను, తాకట్టుకు గుర్రం ఉంటే.