షికాగో ఉత్తరాన ఉంది

హైదరాబాద్ నుంచి షికాగోకు దారి ఎటు అని అడిగితే ఎవరైనా పడమటికే చెయ్యి చూపిస్తారు. గోడమీది పటంలో అమెరికా ఎడమ చివర ఉంటుంది మరి. కానీ గ్లోబు తీసుకుని, దారం ఒక కొసను శంషాబాద్ మీద, రెండో కొసను మిషిగన్ సరస్సు ఒడ్డున అదిమిపెట్టి బిగిస్తే, అది దాదాపు నిటారుగా ఉత్తరానికి లేస్తుంది. కశ్మీరం, మధ్య ఆసియా, ఉరల్ పర్వతాలు దాటి 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కుతుంది. గ్రీన్‌లాండ్ మంచు మీదుగా, హడ్సన్ అఖాతం మీదుగా దిగుతుంది. రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఇదే. దీన్నే మహావృత్త మార్గం అంటారు. పొడవు సుమారు 13,280 కిలోమీటర్లు.

ఈ రెండు నగరాల మధ్య 2021 జనవరిలో ఎయిరిండియా విమానం నేరుగా ఎగిరింది. తెలుగు నేల నుంచి అమెరికాకు ఎక్కడా ఆగకుండా వెళ్లిన మొదటి సర్వీసు అది. తర్వాత ఆగిపోయింది. విమానం మారుతూ వెళ్లడం చుట్టుదారి అనిపిస్తుంది గానీ, దుబాయి మీదుగా పోయినా దూరం 14,190 కిలోమీటర్లే. పెరిగేది గంట ప్రయాణం. అసలు అలసట అంతా విమానాశ్రయపు కుర్చీలో నిరీక్షణదే.

విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుంటే, 13,280 కిలోమీటర్లకు పదిహేను గంటల లోపే సరిపోవాలి. లెక్క అలా తేలదు, ఎందుకంటే గాలి ఊరుకోదు. భూమికి పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంటుంది. దాని వేగం చాలాసార్లు గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది, చలికాలంలో ఇంకా పెరుగుతుంది. ఎదురైతే ఆ మేరకు విమానం వెనకబడుతుంది, వెనక నుంచి తోస్తే ముందుకు దూకుతుంది.

దీనికి చక్కని ఉదాహరణ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో. ఆ విమానం మొదట అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. 2016 అక్టోబరులో ఎయిరిండియా దాన్ని పసిఫిక్ వైపు తిప్పింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా వెనుకగాలి సాయంతో పద్నాలుగున్నర గంటల్లోనే, అంటే ముందుకంటే దాదాపు రెండు గంటలు తక్కువలో చేరింది. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా కనుక, వెళ్లి వచ్చేసరికి భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తయ్యేది. దూరం పెరిగి సమయం తగ్గడం కంటే అందమైన లెక్క ఈ రంగంలో మరొకటి లేదు.

గాలి తర్వాత దేశాల మాట. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమానాలకు రష్యా ఆకాశం మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలను ఆపేసింది. దారం ఎంత చక్కగా బిగించినా ఆ మేర వంచక తప్పదు.

మిగిలింది గడియారం. చలికాలంలో షికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మంగళవారం అర్ధరాత్రి దాటి బుధవారం 12:30కు ఎక్కి, పదహారున్నర గంటలు ఎగిరితే, ఇక్కడ బుధవారం సాయంత్రం అయిదు, అక్కడ బుధవారం తెల్లవారుజాము అయిదున్నర. కొడుకు ‘దిగానమ్మా’ అని ఫోను చేసేటప్పటికి తల్లి సాయంత్రపు టీ పెడుతుంటుంది, అతని ముందు మొత్తం బుధవారం ఇంకా మిగిలే ఉంటుంది.